4టీబీ హార్డ్‌డిస్క్ వేయిస్తే 2టీబీయే కనిపిస్తోంది, పాత డిస్క్‌లో పెళ్లి ఫొటోలు పోయాయి. సాయం కావాలి

ఖమ్మం_స్టూడియో

నమస్కారం అండి. ఖమ్మంలో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాం. సిస్టమ్ బాగా నెమ్మదించిందని దగ్గరలో ఉన్న కంప్యూటర్ షాపుకి సీపీయూ తీసుకెళ్లాను. చెప్పిన పని ఇది: విండోస్ కోసం కొత్త ఎస్‌ఎస్‌డీ వేయండి, ఫొటోల కోసం 4టీబీ హార్డ్‌డిస్క్ వేయండి, పాత 1టీబీ డిస్క్‌ని మాత్రం ముట్టుకోవద్దు. కౌంటర్‌లో ఉన్నాయన అది చీటీ మీద రాసి ఇచ్చాడు కూడా.

స్టూడియోకి తెచ్చి ఆన్ చేస్తే పాత డిస్క్‌లో సీ, డీ, ఈ అని మూడు డ్రైవ్‌లు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. అందులో వాళ్లు వేసిన సాఫ్ట్‌వేర్ల ఫోల్డర్ తప్ప ఇంకేమీ లేదు. శ్రావణమాసం పెళ్లిళ్ల రా ఫైళ్లన్నీ (కెమెరా నుంచి దించిన అసలు ఫొటోలు) ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. ఆల్బమ్‌ల డిజైన్ ఇంకా పూర్తి కాలేదు. ఫోన్ చేస్తే "పాత విండోస్ ఉంటే కొత్తది సరిగ్గా ఎక్కదు, అందుకే ఫార్మాట్ కొట్టాం" అన్నారు.

కొత్త 4టీబీ డిస్క్ ఏమో 2టీబీయే చూపిస్తోంది. అడిగితే "మీ మదర్‌బోర్డు పాతది, అంతకన్నా సపోర్ట్ చేయదు" అన్నారు. సపోర్ట్ చేయనిదాన్ని నాకు ఎందుకు అమ్మారు అంటే జవాబు లేదు. ఇచ్చిన కాగితం మీద "హెచ్‌డీడీ, ఎస్‌ఎస్‌డీ, సర్వీస్" అని మొత్తం ఒక్కటే వేశారు, సీరియల్ నంబరు లేదు.

పెళ్లివాళ్లు ఆల్బమ్ ఎప్పుడిస్తారని ఫోన్లు చేస్తున్నారు. ఆ ఫొటోలు తిరిగి వస్తాయా? ఎవరైనా దారి చెప్పండి.

పాత_మదర్‌బోర్డు

ముందు ఆ సిస్టమ్ ఆపేయండి అన్నా. పాత 1టీబీ డిస్క్‌కి వెళ్లే పవర్ వైరు, డేటా వైరు రెండూ పీకేయండి. 4టీబీ సంగతి ఎప్పుడైనా చూసుకోవచ్చు, దానికి తొందర లేదు. పాత డిస్క్ మీద ఇకపై ఒక్క ఫైలు కూడా రాయకుండా చూడటమే ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యం. విండోస్ తనంతట తానే ఇండెక్స్ ఫైళ్లు, రీసైకిల్ బిన్, అదీ ఇదీ రాస్తుంటుంది కాబట్టి ఆన్‌లో ఉంచడమే ప్రమాదం.

షాపువాళ్లు చేసింది మామూలుగా క్విక్ ఫార్మాట్ అయి ఉంటుంది. క్విక్ ఫార్మాట్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పాత జాబితా తీసేసి కొత్త ఖాళీ జాబితా పెడతారు. ఫొటోలు ఉన్న చోటు అలాగే ఉంటుంది, దాని మీద వేరేది పడేదాకా. ఫుల్ ఫార్మాట్ అయితే కథ వేరు, విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్క్ మొత్తం సున్నాలు రాస్తుంది. కానీ 1టీబీకి ఫుల్ ఫార్మాట్ పెడితే గంటలు పడుతుంది, షాపుల్లో అంతసేపు ఎవరూ కూర్చోరు. అది మీ అదృష్టం అనుకోండి.

రెండు విషయాలు చెప్పండి. ఆ 1టీబీ డిస్క్ ఎప్పటిది, ఏ సైజు, డెస్క్‌టాప్‌దా ల్యాప్‌టాప్‌దా? కెమెరా మెమరీ కార్డులు మళ్లీ వాడారా, పక్కన పెట్టారా?

ఖమ్మం_స్టూడియో

వైర్లు పీకేశాను అన్నా. డిస్క్ 2014లో కొన్న డెస్క్‌టాప్ డిస్క్, 3.5 అంగుళాలది. కార్డులు కొన్ని మళ్లీ వాడేశాం, కొన్ని ఫార్మాట్ చేసి డబ్బాలో పెట్టాం.

కొత్త డిస్క్‌కి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇలా ఉంది: మొత్తం 3726.02 జీబీ, అందులో 2048 జీబీ ఒక డ్రైవ్, మిగతా 1678.02 జీబీ నల్లగీతతో "అన్‌ఎలొకేటెడ్".

పాత_మదర్‌బోర్డు

2014 నాటి 3.5 అంగుళాల డిస్క్ అయితే చాలావరకు ఆశ ఉంది. ఎందుకు అడిగానంటే, ఈ మధ్య వచ్చే ఎస్ఎంఆర్ రకం డిస్క్‌లు కొన్ని ఎస్‌ఎస్‌డీల లాగే ట్రిమ్ ఆదేశాన్ని ("ఈ చోటు ఇక అక్కర్లేదు" అని చెప్పేది) అర్థం చేసుకుంటాయి. వాటిని క్విక్ ఫార్మాట్ చేసినా విండోస్ ట్రిమ్ పంపేస్తుంది, తర్వాత చదివితే అన్నీ సున్నాలే వస్తాయి. మీది అలాంటిది కాదు. డబ్బాలో పెట్టిన కార్డుల్ని కూడా ముట్టుకోకండి, వాటి నుంచి కూడా తీయొచ్చు.

ఇక 2టీబీ సంగతి. 2048 అన్న అంకె చూడగానే తెలిసిపోయింది, ఆ డిస్క్‌ని ఎంబీఆర్ పద్ధతిలో, అంటే డిస్క్‌ని డ్రైవ్‌లుగా విభజించే పాత పద్ధతిలో, ఇనీషియలైజ్ చేశారు. ఎంబీఆర్ పార్టిషన్ పట్టికలో సెక్టార్ (డిస్క్‌లో ఒక చిన్న గడి) నంబరు రాయడానికి 32 బిట్‌లే చోటు ఉంటుంది. ఒక్కో సెక్టార్ 512 బైట్లు అనుకుంటే లెక్క సరిగ్గా 2048 జీబీ దగ్గర ఆగిపోతుంది. ఆ పైన ఎంత చోటున్నా ఎంబీఆర్‌కి అది కనపడదు. దానికన్నా కొత్తదైన జీపీటీ పద్ధతిలో పెడితే మొత్తం 3726 జీబీ వస్తుంది. 4టీబీ అని అమ్మి 3726 చూపిస్తోందేమిటి అని కంగారు పడకండి, కంపెనీలు 1టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అని లెక్కేస్తాయి, విండోస్ 1024లలో లెక్కేస్తుంది.

మదర్‌బోర్డు సపోర్ట్ చేయదన్న మాట పూర్తిగా తప్పు. పాత బయోస్ (సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఉన్న బోర్డుకి జీపీటీ డిస్క్ మీద నుంచి విండోస్ బూట్ చేయడం కుదరదు, అంతవరకే నిజం. మీ విండోస్ ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. 4టీబీ కేవలం డేటాకి. 64 బిట్ విండోస్ పాత బోర్డులో కూడా జీపీటీ డేటా డిస్క్‌ని చక్కగా వాడుకుంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డ్రైవ్‌ని డిలీట్ చేసి, ఎడమవైపు "డిస్క్ 1" అని ఉన్న పెట్టె మీద రైట్ క్లిక్ చేస్తే "కన్వర్ట్ టు జీపీటీ డిస్క్" వస్తుంది. డిస్క్ పూర్తిగా ఖాళీగా ఉంటేనే ఆ మాట వెలుగుతుంది. ఒక నిమిషం పని. ఈ నిమిషం పని చేయకుండా కస్టమర్ డబ్బుతో కొన్న డిస్క్‌లో దాదాపు సగం చోటు వదిలేసి పంపించడం నాకు చాలా బాధగా ఉంది.

డీటీపీ_అక్క_నరసరావుపేట

చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది తమ్ముడూ. మాది డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు. అన్నీ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో. బయటివాళ్లకి అది పాత చెత్తలా కనిపిస్తుంది. మాకు మాత్రం ఏళ్ల తరబడి చేసిన పని మొత్తం అందులోనే ఉంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఆ ఫాంటు, ఆ కీబోర్డు సెటప్ లేకపోతే ఫైలు తెరిచినా ఇంగ్లీషు అక్షరాల గుర్తులే కనిపిస్తాయి.

సిస్టమ్ ఆన్ కాకపోతే షాపుకి ఇచ్చాం. పోయింది పవర్ సప్లై. దాన్ని మార్చి ఇచ్చేస్తే సరిపోయేది. "పనిలో పనిగా కొత్త విండోస్ వేశాం మేడమ్, ఫాస్ట్‌గా ఉంటుంది" అన్నాడు ఆ అబ్బాయి, సంతోషంగా. మేము అడగనే లేదు. వేరే డ్రైవ్‌లో ఉన్న ఫైళ్లు మిగిలాయి గానీ ఫాంట్లు, టెంప్లేట్లు పోయాయి. మళ్లీ అన్నీ కూర్చుకునేసరికి స్కూళ్ల పరీక్షల సీజన్ దాటిపోయింది, ఆ ఆర్డర్లు పక్క సెంటర్‌కి వెళ్లిపోయాయి.

నా బాధ ఒకటే. మన పని ఏమిటో, ఆ డిస్క్‌లో ఏముందో ఎవరూ అడగరు. ఏ జబ్బుకైనా ఒకటే మందు, ఫార్మాట్.

కౌంటర్_ఇవతల

నేను సర్వీస్ షాపు నడుపుతున్నాను, వరంగల్‌లో. మీ అందరి బాధ న్యాయమైనదే. మా వైపు ఏం జరుగుతుందో కూడా వినండి.

విండోస్ వేయడానికి ఐదొందలు అంటేనే పక్క షాపులో మూడొందలే అంటారు. డేటా కాపీ చేసి పెట్టాలంటే, సెకనుకి 100 ఎంబీ వేగంతో 1టీబీకి రెండున్నర గంటల పైనే. అందులో లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు ఉంటే రోజంతా. డిస్క్ బలహీనంగా ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు. అంతసేపు ఒక బెంచీ, ఒక మనిషి దాని మీద ఉండాలి. దానికి వేరే చార్జీ అంటే "ఊరికే కాపీ పేస్టే కదా" అంటారు. కుర్రాళ్లు నెల జీతానికి వస్తారు, నేర్పి పెడితే హైదరాబాద్ వెళ్లిపోతారు. కొత్తగా వచ్చినవాడికి తెలిసింది ఒకటే: పెన్‌డ్రైవ్ పెట్టు, అన్నీ డిలీట్ కొట్టు, నెక్స్ట్ నొక్కు.

అయినా ముట్టుకోవద్దు అని రాయించుకుని కూడా ఫార్మాట్ చేయడం క్షమించరాని తప్పు. మా షాపులో ఒక నియమం పెట్టాను. విండోస్ వేసేటప్పుడు కొత్త ఎస్‌ఎస్‌డీ తప్ప మిగతా డిస్క్‌ల వైర్లు పీకేసి పక్కన పెట్టాలి. అప్పుడు పొరపాటున కూడా వేరే డిస్క్ డిలీట్ కాదు, బూట్ ఫైళ్లు వేరే డిస్క్‌లోకి వెళ్లి కూర్చునే గొడవా ఉండదు. దీనికి డబ్బు ఖర్చు లేదు, సమయమూ పట్టదు.

బెజవాడ_గవర్నర్‌పేట

@కౌంటర్_ఇవతల మీలాంటివాళ్లు ఉంటే మంచిదే అండి. కానీ చార్జీ తక్కువ అన్నది కారణం కాదు. చేయలేని పనిని "చేయలేను" అని చెప్పి తిప్పి పంపండి, ఎవరూ ఏమనరు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం దగ్గరే అంతా చెడుతోంది. మదర్‌బోర్డు సపోర్ట్ చేయదు, మదర్‌బోర్డు పోయింది, ఐసీ పోయింది. కస్టమర్‌కి తెలియదు కాబట్టి ఏ పేరు చెప్పినా చెల్లిపోతోంది.

కౌంటర్_ఇవతల

ఒప్పుకుంటాను. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు.

వైజాగ్_ఈసీఈ

మా ఫ్రెండ్ విషయంలో అచ్చం ఇదే జరిగింది. ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్. విండోస్ మళ్లీ వేద్దామని షాపుకి ఇస్తే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్‌లు ఏవీ కనపడలేదట. "ఎస్‌ఎస్‌డీ చచ్చిపోయింది, కొత్తది వేయాలి" అన్నారు. వాడు ఒప్పుకోక వెనక్కి తెచ్చేశాడు. హాస్టల్‌లో మేమే చూశాం. బయోస్‌లో డిస్క్ పేరు చక్కగా కనిపిస్తోంది! ఆ తరం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వీఎండీ అనే కంట్రోలర్ ఆన్‌లో ఉంటుంది, విండోస్ ఇన్‌స్టాలర్‌లో దాని డ్రైవర్ ఉండకపోవచ్చు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి పెన్‌డ్రైవ్‌లో వేసి "లోడ్ డ్రైవర్" నొక్కితే డిస్క్ వచ్చేసింది.

అందుకే ఎవరికైనా చెబుతున్నా, డిస్క్ పోయింది అని షాపువాళ్లు అంటే బయోస్ స్క్రీన్‌లో దాని పేరు వస్తోందా లేదా మీ కళ్లతో చూపించమని అడగండి.

డల్లాస్‌లో_తెనాలి

తెనాలిలో నాన్నగారి ల్యాప్‌టాప్ సంగతి. బయోస్ అప్‌డేట్ అయ్యాక నీలం స్క్రీన్ వచ్చి రికవరీ కీ అడిగింది. షాపు ఆయన చూసి "వైరస్ లాక్ చేసింది, ఫార్మాట్ తప్ప దారి లేదు" అన్నాడు. నాన్నగారు సరే అనబోతూ నాకు ఫోన్ చేశారు. అది బిట్‌లాకర్, విండోస్‌లోనే ఉండే డిస్క్ తాళం. ఇప్పటి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయిపోతుంది, వాడే మనిషికి తెలియకపోవచ్చు. 48 అంకెల కీ నాన్నగారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంది. నేను ఇక్కడి నుంచి చదివి చెప్పాను, ఆయన కొట్టారు, తెరుచుకుంది. అమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఫోన్ రాకపోతే అవి ఉండేవి కావు.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఒక పని చేయండి. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌ల రికవరీ కీ ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి.

లైసెన్స్_ఉంది_కదా

బిట్‌లాకర్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. విండోస్ 8 రోజుల నుంచి, విండోస్‌తో పాటు అమ్మిన ల్యాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే కీ అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న హోమ్ ఎడిషన్ ఉండగా, షాపుల్లో పెన్‌డ్రైవ్‌లో ఉన్న ప్రో ఎడిషన్ వేసి క్రాక్‌తో యాక్టివేట్ చేస్తారు. ఆ క్రాక్ పనిచేయాలని విండోస్‌లో ఉండే డిఫెండర్ యాంటీవైరస్‌ని ఆపేస్తారు. అలా ఆపిన సిస్టమ్‌లోనే మనం బ్యాంకు లావాదేవీలు చేస్తాం. షాపుకి ఇచ్చేముందే సెట్టింగ్స్‌లో మీ ఎడిషన్ ఏదో చూసి "ఇదే వేయండి" అని రాయించండి.

ఖమ్మం_స్టూడియో

అందరికీ కృతజ్ఞతలు. పాత_మదర్‌బోర్డు అన్న విడిగా మెసేజ్‌లో చెప్పినట్టు, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి కొత్త 4టీబీ డిస్క్ చూశాను. పవర్ ఆన్ అవర్స్ (డిస్క్ నడిచిన గంటలు) 20 వేలకి పైన ఉంది! కొత్త డిస్క్ అని చెప్పి అమ్మారు. ఇదేమిటి?

పాత_మదర్‌బోర్డు

ఏడాదికి 8,760 గంటలు. అంటే మీ "కొత్త" డిస్క్ రెండేళ్లకి పైగా రాత్రీపగలూ తిరిగింది. సీసీ కెమెరాల డీవీఆర్‌లోనో, ఏదైనా సర్వర్‌లోనో పనిచేసి వచ్చి ఉంటుంది. కొత్త డిస్క్‌లో ఆ అంకె సున్నా గానీ, ఒకటి రెండు గానీ ఉండాలి. అదే ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 అని మూడు వరసలు ఉంటాయి, వాటి రా వాల్యూ (అసలు అంకె) కూడా చూడండి. అవి సున్నా కాకపోతే డిస్క్‌లో చెడిపోయిన సెక్టార్లు ఉన్నట్టు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే మాత్రం చాలాసార్లు సాటా కేబుల్ (డేటా వైరు) తప్పు, డిస్క్‌ది కాదు. ఇది తెలియక కేబుల్ మారిస్తే పోయేదానికి డిస్క్ మార్పించినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ మోసం మన దగ్గరే అనుకోకండి. 2025 జనవరిలో జర్మనీలో సీగేట్ సర్వర్ డిస్క్‌లు వాడినవి కొత్తవిగా అమ్ముడయ్యాయని బయటపడింది. వాటిలో పవర్ ఆన్ అంకెని కూడా సున్నా చేసేశారు. సీగేట్ డిస్క్‌లలో ఫార్మ్ అని వేరే లాగ్ ఉంటుంది, దాన్ని చదివితే అసలు గంటలు తెలిసిపోయాయి. స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రామ్ కొత్త వెర్షన్లు ఆ లాగ్‌ని చదువుతాయి. మీ షాపులో ఆ అంకెని మార్చే కష్టం కూడా పడలేదు, కస్టమర్ చూడడులే అన్న ధీమా.

డిస్క్ మీద స్టిక్కర్‌లో సీరియల్ నంబరు ఉంటుంది. కంపెనీ సైట్‌లో వారంటీ పేజీలో కొట్టండి. వారంటీ ఎప్పటితో ముగుస్తుందో స్క్రీన్‌షాట్ తీసుకోండి.

వినియోగదారు_హక్కు

న్యాయం వైపు నుంచి నాలుగు మాటలు. ఇది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందకి నేరుగా వస్తుంది. వాడిన వస్తువుని కొత్తదని అమ్మడం అన్యాయ వ్యాపార పద్ధతి. వద్దన్న డిస్క్‌ని ఫార్మాట్ చేయడం సేవా లోపం. సరైన బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఆ చట్టం అన్యాయ వ్యాపార పద్ధతుల్లోనే పెట్టింది, ఇది చాలామందికి తెలియదు.

మొదట 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయొచ్చు. గడువు రెండేళ్లు. ఆ చీటీ, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో స్క్రీన్‌షాట్, యూపీఐ చెల్లింపు రసీదు, వాట్సాప్ చాట్ అన్నీ భద్రపరచండి. ఫోన్‌లో మాట్లాడిందంతా ఒకసారి వాట్సాప్‌లో రాసి పంపండి, "మీరు ఇలా అన్నారు" అని. వాళ్లు కాదనకపోతే అదే మీకు ఆధారం అవుతుంది.

బెజవాడ_గవర్నర్‌పేట

చిన్న ఊళ్లో కేసు వేస్తే రేపు ఇంకో రిపేరుకి ఎక్కడికి వెళ్లాలి అన్నది కూడా ఉంటుంది కదా సార్. ముందు మంచిగా అడిగి చూడటం మేలు.

వినియోగదారు_హక్కు

మంచిగానే అడగమంటున్నాను, కాగితాలు చేతిలో పెట్టుకుని.

గచ్చిబౌలి_అమ్మాయి

ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెప్పాలి. మా ఫొటోలు, చాట్‌లు అన్నీ ఉన్న ల్యాప్‌టాప్‌ని తెలియనివాళ్ల చేతికి ఇచ్చి, పాస్‌వర్డ్ కూడా రాసి ఇచ్చి రావాలంటే మాలాంటివాళ్లకి చాలా భయం. కీబోర్డు మార్చడానికి కూడా పాస్‌వర్డ్ అడుగుతారు. ఎందుకు? 2022లో కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇదే పరీక్షించారు. లాగ్‌లు పెట్టిన ల్యాప్‌టాప్‌లని రిపేరుకి ఇచ్చి చూస్తే, కొన్ని చోట్ల టెక్నీషియన్లు పనికి సంబంధం లేని వ్యక్తిగత ఫొటోలు తెరిచి చూశారు, కాపీ చేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆడవాళ్ల పేరుతో ఇచ్చిన పరికరాల్లో అది ఎక్కువ జరిగింది.

ఖమ్మం అన్నా, మీ దగ్గర ఉన్నవి మీ ఫొటోలు కూడా కావు, పెళ్లికూతుళ్లవి. దయచేసి ఆ డిస్క్‌ని ఇంకో షాపుకి ఊరికే ఇచ్చేయకండి.

పాత_మదర్‌బోర్డు

చెల్లి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పాస్‌వర్డ్ తప్పనిసరి అంటే వేరే యూజర్ అకౌంట్ ఒకటి చేసి అది ఇవ్వండి. హార్డ్‌వేర్ రిపేరు అయితే డిస్క్ విప్పుకుని ఇంట్లో పెట్టి మిగతాది ఇవ్వండి, చాలా ల్యాప్‌టాప్‌లలో అది రెండు మూడు స్క్రూల పని.

ఖమ్మం_స్టూడియో

అమ్మాయి మాట మనసులో పడింది. అందుకే నేనే చేద్దామనుకుంటున్నాను. మా బావమరిది సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో వేరే కొత్త 2టీబీ డిస్క్ కొని, సీల్ విప్పించి గంటలు చూసి, సీరియల్ నంబరు వేయించి బిల్లు తెచ్చాడు. ఇప్పుడు ఏం చేయాలి?

పాత_మదర్‌బోర్డు

బావమరిదికి నా నమస్కారం చెప్పండి.

పాత డిస్క్ మీద నేరుగా ఏదీ నడపొద్దు. ముందు దాని పూర్తి నకలు తీయాలి. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ అయి, డిస్క్ నకలు తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడండి. పాత 1టీబీ నుంచి, కొత్త 2టీబీలో ఒక ఇమేజ్ ఫైలుగా. ఏది మూలం, ఏది గమ్యం అన్నది డిస్క్ సైజు, సీరియల్ రెండూ చూసి నిర్ధారించుకున్నాకే ఎంటర్ కొట్టండి. డీడీరెస్క్యూ మంచితనం ఏమిటంటే, చదవలేని చోటు వస్తే మొరాయించకుండా దాటేసి, బాగున్నదంతా ముందు తీసి, చెడ్డ చోట్లకి ఆఖర్న తిరిగొస్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు ఇస్తే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. ఎవరైనా చెక్‌డిస్క్ నడపమంటే వినకండి, అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేస్తుంది గానీ మీ ఫైళ్లని కాపాడదు, అవసరమైతే కోసేస్తుంది.

నకలు మీద, పోయిన డ్రైవ్‌లని వెతికే టెస్ట్‌డిస్క్ నడపండి. మీకు అనుకూలమైన సంగతి ఒకటుంది. ఇంతకుముందు సీ, డీ, ఈ అని మూడు ఉండేవి. షాపువాళ్లు అన్నీ కలిపి ఒకటి చేసి ఫార్మాట్ కొట్టారు. కొత్త ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) తన జాబితాని డిస్క్ మొదటి భాగంలోనే రాస్తుంది, అది మీ పాత సీ మీద పడి ఉంటుంది. డీ, ఈ డ్రైవ్‌ల సొంత జాబితాలు వాటి చోట వాటికి మిగిలి ఉండాలి. టెస్ట్‌డిస్క్ వాటిని కనుక్కుంటే ఫోల్డర్ పేర్లతో సహా వస్తాయి. రానివాటికి ఫొటోరెక్. అది జేపెగ్, రా ఫైళ్లని వాటి మొదటి బైట్ల ఆధారంగా పట్టుకుంటుంది, కాకపోతే అసలు పేర్లు, ఫోల్డర్లు ఉండవు. రెండూ ఉచితమే.

డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తే మాత్రం వెంటనే ఆపండి. అది డిస్క్‌ని చదివే హెడ్ సమస్య, దుమ్ములేని గదిలో తెరిచే ల్యాబ్‌కే వెళ్లాలి. షాపులో మూత విప్పుతామంటే ఒప్పుకోవద్దు.

ఖమ్మం_స్టూడియో

శబ్దం ఏమీ లేదు అన్నా. నకలు పూర్తయింది, ఒక్క చోటు కూడా చదవకుండా పోలేదు. టెస్ట్‌డిస్క్ డీ, ఈ రెండింటినీ చూపించింది. ఫోల్డర్ల పేర్లు తెలుగులో పెట్టుకున్నవి కూడా అలాగే వచ్చాయి. శ్రావణం పెళ్లిళ్లన్నీ ఈలో ఉన్నాయి, తెరిచి చూశాను, బాగున్నాయి. నేనూ మా ఆవిడా పక్కపక్కన కూర్చుని ఒక్కో ఫోల్డర్ తెరుస్తూ ఏడ్చినంత పని చేశాం. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు.

సీ డ్రైవ్ డెస్క్‌టాప్ మీద పెట్టిన ఆల్బమ్ డిజైన్ల పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్లు) మాత్రం చాలావరకు లేవు. ఫొటోరెక్‌తో కొన్ని వచ్చాయి, తెరిస్తే సగం బూడిద రంగు. వాటి మీదే వాళ్లు సాఫ్ట్‌వేర్లు కాపీ చేసినట్టున్నారు. అవి మళ్లీ చేయాలి.

షాపుకి స్క్రీన్‌షాట్లు, వారంటీ పేజీ, చీటీ పట్టుకుని వెళ్లాను. ఓనర్ మొదట గట్టిగా మాట్లాడాడు. 1915కి ఇచ్చిన ఫిర్యాదు నంబరు చూపించాక డిస్క్ మార్చి ఇచ్చాడు. ఈసారి గంటలు సున్నా. బిల్లు మీద సీరియల్ రాయించాను. డిజైన్లు పోయినదానికి మాత్రం "సర్వీస్ చార్జీ తిరిగి ఇస్తా, అంతకన్నా నా వల్ల కాదు" అన్నాడు. ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలా వద్దా అని ఇంట్లో మాట్లాడుకుంటున్నాం.

డీటీపీ_అక్క_నరసరావుపేట

వెనక్కి తీసుకోకు తమ్ముడూ. డిజైన్ చేసిన రాత్రులకి విలువ లేదా? వాళ్ల సర్వీస్ చార్జీ ఒక్కటే డబ్బా?

కౌంటర్_ఇవతల

షాపువాడినై ఉండి చెబుతున్నా, అక్క మాటే సరైనది. ఒకరికి నష్టం కట్టాల్సి వస్తే మిగతా షాపులన్నీ డిస్క్‌లో ఏముందో అడగటం మొదలుపెడతాయి.

ఖమ్మం_స్టూడియో

సరే, ఉంచుతున్నాను. ఆఖరి ప్రశ్న. కొత్త 4టీబీని జీపీటీకి మార్చాను, 3726 జీబీ మొత్తం వచ్చింది. దీన్ని నాలుగు డ్రైవ్‌లుగా చేయాలా, ఒకటే ఉంచాలా? అలొకేషన్ యూనిట్ సైజు అని అడుగుతోంది, ఏది పెట్టాలి?

పాత_మదర్‌బోర్డు

ఒకటే ఉంచండి, లోపల సంవత్సరం, నెల ఫోల్డర్లు చేసుకోండి. డిస్క్ పోతే నాలుగు డ్రైవ్‌లూ కలిసే పోతాయి కాబట్టి ముక్కలు చేసినందువల్ల భద్రత ఏమీ పెరగదు. అలొకేషన్ యూనిట్ డీఫాల్ట్ వదిలేయండి, ఎన్‌టీఎఫ్‌ఎస్, క్విక్ ఫార్మాట్. మొదటి ఫొటో వేసేముందు మాత్రం ఒక రాత్రి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రామ్ పెట్టి డిస్క్ మొత్తం రాయించి చదివించండి. పొద్దునకి పూర్తికాకపోతే కంగారు పడొద్దు, 4టీబీకి అంత సమయం పడుతుంది. అయ్యాక 05, సీ5, సీ6 ఇంకా సున్నా ఉంటే వాడుకోండి. బావమరిది తెచ్చిన 2టీబీని రెండో కాపీకి ఉంచి, స్టూడియోలో కాకుండా ఇంట్లో పెట్టండి. పెళ్లివాళ్ల చేతికి ఆల్బమ్ వెళ్లేదాకా కార్డుల్ని ఫార్మాట్ చేయకండి.